చేర్చి తీసేసిన ఫైలు

ఇన్‌స్పెక్టర్ గారికి అరెస్టుకు ముందు కాఫీ తాగే అలవాటే లేకపోతే, మేం వెళ్ళేసరికి పిచ్చుక జీపెక్కేసి ఉండేది. తరవాత ఈ మాట ఆయన మొహం మీదే అన్నాను. నా నోట్లో నువ్వుగింజ నానదన్న సంగతి మా వదిన కాపురానికొచ్చిన వారంలోనే కనిపెట్టింది. కనిపెట్టడం ఆవిడ వృత్తి. ఆవిడ ప్రైవేటు డిటెక్టివ్. నేను ఆవిడ ఆడపడుచుని, కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే లెక్చరర్ని, సెలవు దొరికినప్పుడల్లా ఆవిడకి జీతం లేని అసిస్టెంటుని.

పొద్దున్నే పిచ్చుక వాళ్ళమ్మ మా గుమ్మంలో నిలబడింది. "నా కూతురు చీమకి కూడా దారిచ్చి నడుస్తుందమ్మా. దాన్ని ఇవాళ తీసికెళ్ళిపోతారట" అని ఆ ఒక్క మాటా అని ఏడుపు మొదలుపెట్టింది. వదిన స్టవ్వు ఆపేసి చెప్పులేసుకుంది. పిచ్చుకంటే మా ఎదురింటి పిల్లే. చిన్నప్పుడు సన్నగా, గుప్పెడంత ఉండేదని పెట్టిన పేరు. పెళ్ళయి, ఉద్యోగం చేస్తున్నా ఆ పేరు వదల్లేదు.

లిఫ్టులు నడిపే ప్రోగ్రాములు రాసే కంపెనీ అది. ఆఫీసు ఐదో అంతస్తులో. మా వెంట వచ్చిన పిచ్చుక వాళ్ళమ్మని కింద కూర్చోబెట్టి, మేం లిఫ్టులో పైకొచ్చి మీటింగు గదిలోకి వెళ్ళేసరికి ఇన్‌స్పెక్టర్ బల్లకి ఒక పక్కన కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా కుర్చీ అంచు మీద పిచ్చుక. గుమ్మం దగ్గర లేడీ కానిస్టేబుల్. మా వెనకాలే కంపెనీ చీఫ్ ఇంజనీరు వచ్చాడు. అక్కడ అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. మనిషి రొప్పుతున్నాడు, నుదుటి మీద చెమట కారుతోంది, చంకలో లావుపాటి స్టీలు ఫ్లాస్కు.

"లిఫ్టు ఆగిపోయిందా అండీ?" అంది వదిన.

"లేదమ్మా, మెట్లెక్కాను. డాక్టరు నడవమన్నాడు."

"మంచిదే" అంది వదిన, తన కుర్చీ ఆయన వైపు జరుపుతూ.

కేసు ఇదీ. గురువారం ఒక అపార్టుమెంటులో లిఫ్టు తలుపులు ఒక టైలరమ్మ కుడిచేతి మీద మూసుకున్నాయి. చేయి ఇరుక్కుని ఉండగానే లిఫ్టు కదిలింది. ఎవరో పరిగెత్తుకెళ్ళి కరెంటు ఆపబట్టి ప్రాణం దక్కింది. చేతిలో ఎముకలు మాత్రం నుజ్జయ్యాయి. తలుపుల మధ్య ఏదన్నా అడ్డముంటే మళ్ళీ తెరవాలనీ, లిఫ్టు కదలకూడదనీ చెప్పే ఫైలొకటి ఆ ప్రోగ్రాములో ఉండాలి. అది రాసింది పిచ్చుకే. దానికి 'తలుపు కాపలా' అని పేరు పెట్టుకుంది. ఇప్పుడు ఆ ఫైలు ప్రోగ్రాములో లేదు. ఫైలు లేని ప్రోగ్రాము వెళ్ళింది ఆ ఒక్క అపార్టుమెంటుకేనని కంపెనీ పోలీసులకి రాసిచ్చింది. టైలరమ్మ చేయి విరగడానికి ముందొచ్చిన ఆదివారం ఎవరో ఆ ఫైలుని తీసేశారు.

"ఎవరో కాదు" అంటూ ఇన్‌స్పెక్టర్ ఒక కాయితం మా ముందుకి తోశాడు. "చూసుకోండి. ఏ ఫైలు ఎవరు చేర్చారో, ఎవరు తీశారో అంతా రిపాజిటరీలో పడుతుంది. పేరు ఈవిడది. ఆదివారం మధ్యాహ్నం. ఆ మధ్యాహ్నం ఈవిడ ఆఫీసుకొచ్చినట్టు వాచ్‌మన్ చెప్పాడు. ప్రమోషన్ ఇంకొకరికి వెళ్ళిందని కడుపుమంట. కేసు క్లోజ్."

ప్రతి కేసులోనూ మొదటి రోజే ఆయన ఈ మాట అంటాడు. అందుకే మా ఇంట్లో ఆయన పేరు క్లోజు గారు. అయితే కాయితంలో తప్పులేదు. ఒక ప్రోగ్రాముకి చెందిన ఫైళ్ళన్నిటినీ, వాటిలో జరిగిన ప్రతి మార్పునీ దాచిపెట్టే ఖజానాని రిపాజిటరీ అంటారు. అక్కడ పడిన పేరంటే ఏ కోర్టయినా వింటుంది.

వదిన కాయితం ముట్టుకోలేదు. "ఆదివారం ఎందుకొచ్చావమ్మా?" అని పిచ్చుకని అడిగింది.

"కళ్ళజోడు మర్చిపోయాను పిన్నిగారూ. టెస్టు రూములో ఉంది. తీసుకుని వెళ్ళిపోయాను. కంప్యూటర్ ముట్టుకోలేదు."

"నీ పేరెలా పడింది మరి?"

"టెస్టు రూము కంప్యూటర్ నేనే సెట్ చేశానండీ. దాని మీద ఎవరు ఏ మార్పు చేసినా నా పేరే పడుతుంది. మార్చుకోవాలని ఎవరికీ గుర్తుండదు. మేమేమో పేరు ఎవరిదైతే ఏంలే అని వదిలేశాం."

"చూశారా, ఎంత తయారుగా ఉందో జవాబు" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"పిల్లని బెదరగొట్టకండి సార్. నాకు కూతురులాంటిది. ఏదో కోపంలో చేసుంటుంది. మంచి లాయర్ని మేమే పెడతాం" అన్నాడు పెద్దాయన. ఎంత జాలిగా అన్నాడంటే, నాకే ఆయన మీద గౌరవం పుట్టింది. ఫ్లాస్కు మూత తిప్పి ఇన్‌స్పెక్టర్‌కి కాఫీ పోశాడు. సగం కప్పులో, సగం ఆ కాయితం మీద పడింది. మూత దగ్గర్నించి కారుతోంది.

"అయ్యో, ఇటివ్వండి, తుడుస్తాను" అని వదిన ఫ్లాస్కు లాక్కుంది. మా ఇంట్లో పాలు పొంగినా పేపరు మీంచి తల ఎత్తని మనిషి ఆవిడ. అలాంటిది, కొంగుతో ఆ ఫ్లాస్కుని ఇటూ అటూ తిప్పి, అడుగు నించి మూత దాకా తుడిచింది. మూత మీద ఆకుపచ్చ కప్ప బొమ్మ స్టిక్కరుంది. "ముద్దొస్తోంది. ఎవరంటించారు?"

పెద్దాయన మొహం విప్పారింది. "మా మనవరాలు. ఫ్లాస్కు కూడా అదే కొనిపించింది నా పుట్టినరోజుకి. ఇది లేందే కాలు బయటపెట్టను. ఇంకొకళ్ళని ముట్టుకోనివ్వను, మీరు కాబట్టి ఊరుకున్నా."

"పాపం, సొట్ట పడిందే."

"కింద పడిందమ్మా."

"ఆదివారం కూడా ఇందులోనే తాగుతారా?"

"ఏ రోజయినా ఇందులోనే. మొన్న ఆదివారం కూడా రోజంతా ఇంట్లో టీవీ ముందు కూర్చుని తాగాను."

"ఆఫీసుకి రాలేదన్నమాట."

"ఆదివారం నాకేం పని ఇక్కడ?"

వదిన ఫ్లాస్కు తిరిగి ఇచ్చేసి లేచింది. "టెస్టు రూము ఒకసారి చూస్తాం."

"చూడండి, కానీ తొందరగా. అక్కడ కంప్యూటర్ పాతబడింది, ఇవాళ మార్చేస్తున్నాం" అన్నాడు పెద్దాయన. నిజమే, వరండాలో కొత్త కంప్యూటర్ పెట్టె ఇంకా టేపు విప్పకుండా ఉంది. వదిన దాని మీద వేలితో ఒకసారి తట్టి ముందుకి నడిచింది.

టెస్టు రూములో ఒక గోడకి నిజం లిఫ్టు తలుపులు బిగించారు. వెనకాల లిఫ్టు లేదు, మోటారుతో కొంచెం పైకీ కిందకీ కదిలే ఇనప పెట్టె ఉంది. ప్రోగ్రాము బయటికి పంపే ముందు ఇక్కడ పరీక్షిస్తారు. తలుపుల పైన చిన్న కెమెరా. పక్కన బల్ల మీద ఆ పాత కంప్యూటర్.

వదిన గది మధ్యలో నిలబడి నాలుగు పక్కలా చూసి, "తలుపుల మధ్య ఏదైనా అడ్డం పెట్టి చూడాలి కదా. ఏం పెడతారు?" అంది.

పిచ్చుక వెళ్ళి గది తలుపు మూసింది. ఆ తలుపు వెనక, గోడకున్న మేకుకి తాడుతో ఒక చెక్క వేలాడుతోంది. రెండు పక్కలా నొక్కుకుపోయి ఉంది. "ఇది పెడతామండీ. చేయి పెట్టకూడదు, అది రూలు. ఈ గదిలో పని చేసేవాళ్ళందరం ఇదే వాడతాం."

"గది తలుపు తెరిచుంటే ఇది కనబడదు."

"కనబడదండీ. మాకు అలవాటు."

"అలవాటు లేనివాళ్ళు?"

పెద్దాయన గడియారం చూసుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ ఆవలించాడు.

"ఆ కెమెరా ఎందుకు?"

"తలుపులకి ఏదన్నా అడ్డం తగిలితే ఫోటో తీస్తుంది. కాపలా ఫైలు ఉన్నా లేకపోయినా తీస్తుంది. ఫోటోలు ఈ కంప్యూటర్లో, ప్రోగ్రాము ఫైళ్ళున్న ఫోల్డర్లోనే ఒక మూలన పడతాయి. పనయ్యాక మేం తుడిచేస్తాం."

"ఆదివారంవి ఉన్నాయేమో చూడు."

చూసింది. లేవు. శనివారంవి మాత్రం ఉన్నాయి, అన్నిట్లోనూ చెక్కే. ఆదివారం ఖాళీ.

"కాపలాని తీసేసినవాడు, తీశాక తలుపులు ఎలా పని చేస్తున్నాయో చూసుకోకుండా వెళ్ళిపోడు" అంది వదిన. "చూసుకుంటే ఫోటో పడాలి. పడింది ఇప్పుడు లేదంటే ఎవరో తుడిచారు. శనివారంవి తుడవనివాళ్ళు ఆదివారంవి ఒక్కటీ మిగలకుండా ఎందుకు తుడిచారు?"

"ఊహలు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అమ్మా, నా లాబులో ముగ్గురు కుర్రాళ్ళు కళ్ళు కాయలు కాసేలా ఆ రిపాజిటరీ మొత్తం గాలించారు. చేర్చినవీ తీసినవీ అన్నీ చూశారు. ఫోటో లేదు, గీటో లేదు."

అప్పటిదాకా మూసుకున్న నా నోరు తెరుచుకుంది. "మీ లాబుకి రిపాజిటరీ ఎక్కడిది?"

"పెద్దాయన ఇచ్చారు. సర్వర్ నించి దింపి, పెన్‌డ్రైవులో వేసి ఇచ్చారు. అడగ్గానే ఇచ్చారు, మీలా సతాయించకుండా."

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేదు.

"ఏమే మరదలా, ఆ నవ్వేదో మాకూ పంచు" అంది వదిన.

"వదినా, ఈ పద్ధతిలో రెండు మెట్లుంటాయి. ముందు ఫైలుని యాడ్ చెయ్యాలి, అంటే చేర్చాలి. తరవాత కమిట్ చెయ్యాలి, అంటే ఖరారు చెయ్యాలి. కమిట్ అయినవే సర్వర్‌కి వెళ్తాయి. యాడ్ చేసి, 'అబ్బే, ఇది వద్దు' అని కమిట్ చేయకుండా తీసేస్తే సర్వర్‌కి దాని వాసన కూడా తగలదు. ఇన్‌స్పెక్టర్ గారి పెన్‌డ్రైవులో వెయ్యేళ్ళు వెతికినా దొరకదు."

"మరి దొరకనప్పుడు నవ్వెందుకు?"

"యాడ్ అన్న క్షణంలోనే, చేసిన కంప్యూటర్ ఆ ఫైలుకి ఒక నకలు తీసి అడుగున దాచేస్తుంది. మళ్ళీ తీసేస్తే జాబితాలోంచి పేరు మాత్రమే పోతుంది. నకలు అక్కడే పడుంటుంది, పేరూ ఊరూ లేకుండా. కొన్నాళ్ళకి అదే ఊడ్చుకుంటుంది. ఇంకా ఆ కొన్నాళ్ళు అవలేదు."

"కెమెరా ఫోటోలు ఎవరు యాడ్ చేస్తారు?"

ఈసారి పిచ్చుక మాట్లాడింది. మొదటిసారి దాని గొంతులో వణుకు లేదు. "నేనైతే ఒక్కో ఫైలూ పేరు చెప్పి చేరుస్తాను పిన్నిగారూ. తొందరున్నవాళ్ళు 'అన్నీ' అని ఒక్క మాటతో కొట్టేస్తారు. అలా కొడితే తీసేసిన ఫైళ్ళు తీసేసినట్టు, కొత్తగా పడినవి కొత్తగా, మొత్తం ఎక్కేస్తాయి. ఫోటోలతో సహా. తరవాత జాబితా చూసుకుని నాలిక కరుచుకుని ఫోటోలు తీసేస్తారు."

"అలా కొట్టేదెవరమ్మా ఇక్కడ?"

పిచ్చుక తల దించుకుంది. పెద్దాయన చేయి మెల్లిగా వెళ్ళి ఫ్లాస్కు మూతని కప్పింది. అదిగో, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఏమిటో ఆ రోజు కళ్ళారా చూశాను. ఈ గదిలోకొచ్చాక ఇంకా ఎవరూ ఫ్లాస్కు పేరెత్తలేదు.

నేను కుర్చీ లాక్కుని కూర్చోబోయాను. ఇన్‌స్పెక్టర్ అడ్డంగా వచ్చి కీబోర్డు మీద చేయి పెట్టాడు. "ముట్టుకోవడానికి వీల్లేదు. ఇది సాక్ష్యం."

"సాక్ష్యమా?" అంది వదిన, గొంతు పెంచకుండా. "సాక్ష్యమైతే దీనికి మీ సీలేది? వరండాలో కొత్త పెట్టె దిగి ఉంది. సాయంత్రానికి ఇది పాత సామాన్లవాడి బండి మీదుండేది. మీరు కాఫీ తాగుతూ కూర్చునేవారు."

"నాకు డ్యూటీ నేర్పకండి."

"నేర్పట్లేదు సార్, బేరం పెడుతున్నాను. మా మరదలు వెతికినంతసేపు మీ కానిస్టేబులమ్మ ఫోన్లో వీడియో తీస్తుంది. ఏ మీట నొక్కినా మీ కళ్ళ ముందే. ఏమీ దొరక్కపోతే నేనే పిచ్చుకని చేయి పట్టుకుని జీపెక్కిస్తాను. మళ్ళీ మీ స్టేషను గుమ్మం తొక్కను."

'వదినా, ఊడ్పు జరిగిపోయి ఉంటే?' అని గొంతు దాకా వచ్చింది, మింగేశాను. ఇన్‌స్పెక్టర్ మాత్రం లడ్డూలాంటి అవకాశమని చెయ్యి తీసేశాడు. మా వదిన జన్మలో మళ్ళీ కనబడదంటే ఆయన ఆస్తి రాసిచ్చేలా ఉన్నాడు.

"దీనివల్ల లాభం లేదండీ" అన్నాడు పెద్దాయన. "పాత మెషీను. ఏదో ఒకటి పాడైపోతే బాధ్యత ఎవరిది?"

"నాది" అన్నాను.

కూర్చున్నాను. దిక్కూ మొక్కూ లేకుండా పడున్న నకళ్ళన్నీ చూపించమన్నాను. తెర మీద వరసగా వచ్చాయి. పేర్లు లేవు, అర్థం లేని అంకెలూ అక్షరాలూ. పిచ్చుక నా భుజం వెనక నిలబడింది. ఒకటి తెరిస్తే సగం రాసి వదిలేసిన ప్రోగ్రాము. ఇంకొకటి అలాంటిదే. ఆ తరవాతది ఖాళీ ఫైలు. ఇన్‌స్పెక్టర్ కడుపులో చల్ల కదలకుండా గోడకానుకుని ఈల వేస్తున్నాడు.

"అక్కా, అది పెద్దగా ఉంది చూడు. ప్రోగ్రాము ఫైలు అంత బరువుండదు" అంది పిచ్చుక.

తెరిచాను. బొమ్మ పైనించి కిందకి మెల్లిగా పరుచుకుంది. ముందు లిఫ్టు తలుపుల అంచులు. తలుపుల మధ్య ఏదో మెరుస్తున్న స్టీలు. దాని నెత్తి మీద ఆకుపచ్చ కప్ప. మూలన కెమెరా వేసుకున్న తారీఖు, ఆదివారం. టైము, ఇన్‌స్పెక్టర్ కాయితంలో ఉన్నదానికి కాస్త ముందు.

ఈల ఆగిపోయింది.

"ఇంకొకటి కూడా ఉంది" అని దాన్నీ తెరిచాను. అదే ఫ్లాస్కు. ఈసారి తలుపులు దాన్ని రెండు వైపులా నొక్కి పట్టాయి, వెనక ఇనప పెట్టె పైకి జరిగి ఉంది. అడ్డమున్నా లిఫ్టు కదిలింది. గురువారం ఫ్లాస్కు చోట ఒక చేయి ఉంది.

వదిన పెద్దాయన ముందుకెళ్ళి చేయి చాచింది. ఆయన ఫ్లాస్కు ఇవ్వలేదు. ఆవిడే తీసుకుంది.

"కింద పడిన వస్తువుకి ఒక పక్క సొట్ట పడుతుంది సార్. దీనికి ఎదురెదురుగా రెండు పక్కలా పడింది. ఇందాక తుడుస్తున్నప్పుడే వేలికి తగిలింది." ఫ్లాస్కుని తీసుకెళ్ళి లిఫ్టు తలుపుల అంచులకి ఆనించింది. సొట్టలు రెండూ వాటిలో ఒదిగిపోయాయి. "ఈ గదిలో పని చేసేవాళ్ళకి చెక్క ఎక్కడుందో తెలుసు. మీకు తెలీదు. చేతిలో ఉన్నది పెట్టారు. ఇంకొకళ్ళని ముట్టుకోనివ్వనిదీ, ఆదివారం రోజంతా మీ ఇంట్లో టీవీ ముందున్నదీ ఇదే కదా?"

పెద్దాయన దగ్గర్లో ఉన్న స్టూలు మీద కూలబడ్డాడు. "సోమవారం పెద్ద పార్టీకి డెమో. ఆ కాపలా ఫైలు ప్రతి అంతస్తులోనూ ఒక క్షణం ఆగి చూసుకుంటుంది. అవతలి కంపెనీ లిఫ్టు మాకంటే ముందు పైకి చేరుతోంది. ఒక్కరోజుకి తీసేసి మళ్ళీ పెట్టేద్దామనుకున్నా."

"ఎందుకు పెట్టలేదు?"

"ఆర్డరొచ్చింది. ఆ సంబరంలో మళ్ళీ పరీక్షించకుండానే ప్రోగ్రాము బయటికి వెళ్ళిపోయింది. వెనక్కి పిలిస్తే ఎందుకని అడుగుతారు. పేరు నేను రాయలేదమ్మా. దానంతటదే ఆ అమ్మాయి పేరు పడింది."

"పడింది సరే. పొద్దుటినించీ ఆ అమ్మాయి ఎదురుగా కూర్చుని కాఫీ పోశారు, లాయర్ని పెడతానన్నారు. ఒక్క మాటతో చెరపచ్చుగా."

"కూతురులాంటిదాన్నన్నారు సార్" అంది పిచ్చుక. ఆ మాటకి పెద్దాయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నాకు జాలి కలగలేదు, చెప్పేస్తున్నాను. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, నోరులేని పిల్ల నెత్తిన పడేసి ఊరుకున్న మనిషి ఏడిస్తే నాకేంటి.

ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకున్నాడు. వదిన చేయెత్తి ఆపింది. ఆవిడ మొహంలో ఏదో మారింది.

"ఆగండి. 'బయటికి వెళ్ళిపోయింది' అన్నారు. ఎన్ని లిఫ్టుల్లోకి? ఆ ఒక్క అపార్టుమెంటులోనే అని మీరు పోలీసులకి రాసిచ్చారు."

పెద్దాయన మొహం మీంచి చేతులు తీసి గుమ్మం వైపు చూశాడు.

"డాక్టరు నడవమన్నాడన్నారు. లిఫ్టుల మీదే బతికే మనిషి ఐదంతస్తులు రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. అన్ని లిఫ్టుల్లోకీ వెళ్ళింది కదూ. ఈ బిల్డింగు లిఫ్టులోకి కూడా."

ఆయన తల ఊపాడు.

మేం ఆ లిఫ్టులోనే పైకొచ్చాం. లోపలికి అడుగుపెడుతూ నేను చేతిసంచీ ఆలస్యంగా లాక్కున్నాను కూడా. ఇన్‌స్పెక్టర్ మొహం తెల్లబోయింది. ఆయనా అందులోనే వచ్చాడు. "అన్నీ ఆపించాలి, ఫోన్లు చెయ్యండి" అని ఎవరికి చెప్తున్నాడో తెలీకుండా చెప్పాడు.

"ఫోన్లు చేసేలోపు ఎంతమంది ఎక్కుతారో తెలీదు సార్. అక్కా, కాస్త లే" అంది పిచ్చుక.

లేచాను. పొద్దుటినించీ కుర్చీ అంచు మీద కూర్చున్న పిల్ల ఈసారి కుర్చీ నిండా కూర్చుంది. తీసేసిన ఫైలు పోదని చెప్పాను కదా. ఒకసారి ఖరారైన ఫైలుని తరవాత ఎవరు తీసినా, పాత ఖరారులో అది చెక్కుచెదరకుండా ఉంటుంది. పిచ్చుక వెనక్కి వెళ్ళి, తను రాసిన కాపలాని వేలు పట్టుకుని తీసుకొచ్చింది. దాని పేరు చెప్పి, దాన్నొక్కదాన్నే చేర్చింది. వెళ్ళి గది తలుపు మూసి, మేకు మీది చెక్క తెచ్చి తలుపుల మధ్య పెట్టింది. తలుపులు చెక్కని తాకి వెనక్కి వెళ్ళిపోయాయి. ఇనప పెట్టె కదల్లేదు. మళ్ళీ వచ్చి కమిట్ చేసింది. కింద పేరు పడింది, పిచ్చుకదే. ఈసారి నిజంగా దానిదే.

తరవాత ఒక్క మీట నొక్కి అన్ని లిఫ్టులకీ పంపింది. తెర మీద లిఫ్టుల వరస వచ్చింది, అన్నీ ఎర్రగా. ఒకటి పచ్చబడింది. పక్కది పచ్చబడింది. ఆ తరవాత గబగబా, ఎవరో చీకటి మేడలో దీపాలు వేసుకుంటూ వెళ్తున్నట్టు వరసంతా పచ్చబడింది. నేను చప్పట్లు కొట్టేశాను, వీడియో తీస్తున్న కానిస్టేబులమ్మ కూడా ఫోను చంకలో పెట్టుకుని కొట్టింది. వదిన మాత్రం చివరి ఎర్ర చుక్క పచ్చబడేదాకా ఊపిరి తీసుకున్నట్టు లేదు. అది పచ్చబడ్డాక పిచ్చుక తల మీద చేయి వేసి ఊరుకుంది.

ఇన్‌స్పెక్టర్ కాఫీ మరకల కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు. "ఆ కంప్యూటర్‌కి సీలు వేస్తాను" అన్నాడు, నేల వైపు చూస్తూ. ఆయన నోట ఆ మాటొచ్చిందంటే క్షమాపణ చెప్పినట్టే. నేను ఊరుకుంటానా, అప్పుడే ఆ అరెస్టు కాఫీ మాట అనేశాను. ఆయన మింగలేక కక్కలేక నవ్వాడు.

అందరం వరండాలోకొచ్చాం. లిఫ్టు వచ్చి ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. ఎవరూ అడుగు వేయలేదు. పెద్దాయన రెండడుగులు వెనక్కి వేశాడు. "మెట్ల మీంచి వెళ్దాం" అని గొణిగాడు. ఇన్‌స్పెక్టర్ కూడా మెట్ల వైపే చూస్తున్నాడు.

పిచ్చుక ముందుకొచ్చింది. తలుపులు మూసుకోబోతున్నాయి. చెక్క టెస్టు రూములోనే ఉండిపోయింది. పిచ్చుక తన కుడిచేయి చాపి, రెండు తలుపుల మధ్య నిలువుగా పెట్టింది.

"ఏయ్, రూలు" అని అరిచాను.

చేయి తీయలేదు. తలుపులు దగ్గరకొచ్చాయి, ఆ చేతిని అంటీ అంటనట్టు తాకాయి, ఆగి, మెల్లిగా వెనక్కి తెరుచుకున్నాయి. లిఫ్టు కదలకుండా నిలబడింది.

"రండి సార్" అంది పిచ్చుక, లోపలికి నడిచి అందరికీ చోటిస్తూ. "కింద మా అమ్మ ఎదురుచూస్తోంది."